శవపేటికలో ఓ కునుకు

ఆ గురువారం ఉదయం ప్రయూన్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. బియ్యపు జావ తాగాలి. ఏ వారానికి ఆ రంగు అని ఆచారం, గురువారం కనుక నారింజ రంగు చొక్కా వేసుకోవాలి. ఆఫీసుకు వెళ్ళాలి. మధ్యాహ్నం భోజనం వేళ మెట్ల మలుపులో ఎవరూ లేకుండా చూసుకుని అన్నయ్యకు ఫోన్ చేయాలి. మొదటి మూడూ రోజూ చేసేవే. నాలుగోది మాత్రం రెండేళ్ళుగా రేపటికి, ఎల్లుండికి జరుగుతూ వస్తోంది. ఇవాళ ఏది ఏమైనా చేసి తీరాలని రాత్రంతా నిద్రపోకుండా అనుకున్నాడు. యాభై దాటిన మనిషి, తోడబుట్టినవాడికి ఫోన్ చేయడానికి ఇంతగా గుండె దిటవు చేసుకోవాల్సి వచ్చినందుకు తనమీద తనకే చిరాకు వేసింది.

అన్నయ్య పేరు ఫదుంగ్. బాంకాక్‌కు మూడు గంటల దూరంలోని నఖోన్ సవన్‌లో మంగలి షాపు. బుధవారం తల మీద కత్తి పడకూడదు కనుక, ఊళ్ళో మంగళ్ళందరిలాగే అతనూ ఏ బుధవారమూ షాపు తెరిచి ఎరగడు. అలాంటిది తల్లి దహనం బుధవారం పడింది. దహనానికి ముందు కొడుకులు గుండు గీయించుకుని ఆ ఒక్క పూటకైనా భిక్షువులై కాషాయం కట్టాలి. తల్లి ఆ కాషాయం కొంగు పట్టుకునే పైలోకానికి వెళ్ళాలి. ఫదుంగ్ తెల్లవారకముందే లేచి, అద్దం ముందు కూర్చుని, జీవితంలో మొదటిసారి బుధవారం కత్తి పట్టి తన గుండు తనే గీసుకున్నాడు. తరువాత నీళ్ళ గిన్నెతో తమ్ముడి దగ్గరకు వచ్చి "రారా, కూర్చో" అన్నాడు.

తమ్ముడు కూర్చోలేదు. ఆ ఉదయం ప్రయూన్ భార్య ఒరపిన్ తన టారో పేకలోంచి తీసిన ముక్కలో, ఒక కాలికి తాడు కట్టుకుని తలకిందులుగా వేలాడుతున్న మనిషి వచ్చాడు. ఇవాళ ఏ పనీ తలపెట్టకు, ఉన్నచోటే ఆగు అని దాని అర్థం. పైగా బుధవారం. ప్రయూన్ నిండు క్రాపుతో చితి ముందు నిలబడ్డాడు. "అమ్మకు తల మీది వెంట్రుకలు కూడా ఇవ్వలేకపోయావురా" అన్నాడు ఫదుంగ్. అన్నదమ్ముల మధ్య అదే ఆఖరి మాట.

ఒరపిన్ చెడ్డ మనిషి కాదు. భర్తంటే ఆమెకు ప్రాణం. చిక్కంతా అక్కడే వచ్చింది. పిల్లల్లేని ఇల్లు. ఎప్పుడో ఒకసారి ప్రయూన్ బస్టాపులో కళ్ళు తిరిగి పడిపోయాడు. డాక్టరు ఎండదెబ్బ అన్నాడు కానీ ఒరపిన్‌కు ఆ మాట ఆనలేదు. ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఒకావిడ, టారో కార్డులు జోస్యం చెప్పవు, ఇవాళ ఎలా బతకాలో చెబుతాయి అనడం విన్నది. ఎలా బతకాలో పొద్దున్నే ఎవరైనా చెబితే బాగుండునని ఆమెకూ ఉంది. వెంటనే ఒక పేక కొని ఫ్రిజ్ మీద పెట్టుకుంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో స్టవ్ మీది నుంచి జావ దిగకముందే పేకలోంచి ముక్క దిగుతుంది.

లాంతరు పట్టుకున్న సన్యాసి వస్తే ఆ రోజంతా ప్రయూన్ మితంగా మాట్లాడాలి. ఒక కూజాలోంచి ఇంకో కూజాలోకి నీళ్ళు పోసే దేవకన్య వస్తే తిండి కూడా మితంగా ఉండాలి, నూడుల్స్‌లో చేప సాస్ వేసుకోకూడదు. పిడుగు పడి కూలుతున్న బురుజు వస్తే లిఫ్టు ఎక్కకూడదు. ప్రయూన్ ఉద్యోగం లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో, తొమ్మిదో అంతస్తులో. బురుజు వచ్చిన రోజున అతను రొప్పుకుంటూ మెట్లన్నీ ఎక్కి వచ్చి, మా లిఫ్టులకేమీ భయం లేదండీ అని ఖాతాదారులకు ఫోన్‌లో ధైర్యం చెప్పేవాడు. దీనివల్ల భర్త ఆరోగ్యం బాగుపడిందని ఒరపిన్ నమ్మకం. బాగుపడిన మాట నిజమే.

ఈ గురువారం ఆమె ముక్క తీసి, చూసి, మళ్ళీ చూసి, కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, ఆ చెంచా కింద పెట్టండి."

"ఏం, ఉప్పు మరిచిపోయావా?"

"ముందు ఇటు చూడండి."

తెల్ల గుర్రం. దాని మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం. గుర్రం కాళ్ళ దగ్గర కిరీటం ఊడిపోయిన రాజు వెల్లకిలా పడి ఉన్నాడు. మృత్యువు ముక్క అని ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రయూన్ జావ మింగి, వీలైనంత మామూలుగా అన్నాడు.

"ఇది వస్తే చావని కాదుగా. పాతదేదో ముగిసి కొత్తదేదో మొదలవుతుందని కదా. పక్కింటావిడకు వచ్చినప్పుడు నువ్వే చెప్పావు. నేను విన్నాను."

"పక్కింటావిడకు వస్తే దాని అర్థం అదే. మీకొస్తే నాకు కాళ్ళాడ్డం లేదు."

"ఏదో ముగుస్తుందంటోంది. నా పాత చెప్పులు ముగుస్తాయేమో. అరిగిపోయాయి."

"నవ్వులాటకు కాదండీ. ఊరవతల గుడిలో పేటికలో పడుకోబెట్టి మంత్రాలు చదువుతారు, తెలుసుగా. అక్కడికి పోదాం. ఒకసారి చచ్చినట్టు పడుకుని లేస్తే, రావలసింది వచ్చి వెళ్ళిపోయినట్టే."

"అంటే యముణ్ణి మోసం చేద్దామంటావు."

"మోసమెందుకవుతుంది? ముందే వెళ్ళి హాజరు వేయించుకుంటున్నాం."

ప్రయూన్ కాసేపు జావలోకి చూశాడు. "ఇవాళ నాకు కొంచెం పని ఉంది, పిన్."

"ఏం పని?"

అన్నయ్యకు ఫోన్ చేయాలని చెప్పవచ్చు. చెబితే ఆమె ముఖం మాడిపోతుంది. ఆ రోజు ముక్క తీసింది తనేనని ఆమె మరిచిపోలేదు. ఇంట్లో ఫదుంగ్ పేరు వినబడితే చాలు, లేచి అంట్లు తోమడం మొదలు పెడుతుంది, తోమిన అంట్లు కూడా. అందుకని ప్రయూన్ "ఏం లేదులే" అన్నాడు. నారింజ రంగు చొక్కా విప్పి తెల్ల చొక్కా తొడుక్కున్నాడు.

ఇక ఆఫీసుకు కబురు పెట్టాలి. భార్య పేకముక్క తీసింది, అందుకని శవపేటికలో పడుకోబోతున్నాను, సెలవు ఇప్పించండి అని రాస్తే కంపెనీ ఉన్నంత కాలం ఆ కథే చెప్పుకుంటారు. ప్రయూన్ ఆలోచించి ఆలోచించి మ్వాయ్ అక్కకు చిన్న అబద్ధం రాసి పంపాడు. "అక్కా, ఇంట్లో ఒకరు పోయారు. గుడికి వెళ్తున్నాం. ఇవాళ రాలేను." ఏ దూరపు పిన్నినో బాబాయినో తరువాత చెప్పవచ్చని అతని ఉద్దేశం. అబద్ధం ఆడటానికి మ్వాయ్ అక్కను ఎంచుకోవడం మాత్రం పొరపాటే. ఆవిడ ఆఫీసులో అందరికంటే పెద్దది. ఎవరింట్లో చావు జరిగినా మొదట వెళ్ళేదీ ఆవిడే, గిన్నెలు కడిగించి చివరన వచ్చేదీ ఆవిడే. క్షణంలో జవాబు వచ్చింది. "అయ్యో తమ్ముడూ. ఏ గుడి?" పెద్దవాళ్ళు అడిగితే చెప్పకుండా ఉండే అలవాటు లేక ప్రయూన్ గుడి పేరు చెప్పి, ఫోన్ ఆపేసి జేబులో వేసుకున్నాడు.

గుడిలో ఆ రోజు బాగానే జనం ఉన్నారు. పొడవాటి మండపంలో తెల్లటి పేటికలు వరసగా పేర్చి ఉన్నాయి. ఉద్యోగం పోయినవాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు, కొత్త కారును స్తంభానికి గుద్దినవాళ్ళు, ఎవరి దురదృష్టం వాళ్ళు మోసుకుని వచ్చి బుద్ధిగా బారులో నిలబడ్డారు. కళ్ళజోడు భిక్షువు ఒకరు మైకు పట్టుకుని, చెప్పులు ఎవరివి వాళ్ళు గుర్తుపెట్టుకోండి, పోయినవారం ఇద్దరు ఒకరివి ఒకరు వేసుకుని వెళ్ళారు అని చెబుతున్నారు. ప్రయూన్ తన పేటికలోకి దిగి, చనిపోయినవాళ్ళలాగే పడమటి వైపు తల పెట్టి పడుకున్నాడు. చేతుల మధ్య పూలు పెట్టారు. ఒరపిన్ వంగి ఒక ఫోటో తీసుకుని, అందరికీ పుణ్యం అందుతుందని ఇంటర్నెట్‌లో తన పేజీలో పెట్టింది. కింద ఏం రాయాలో తోచక చేతులు జోడించిన బొమ్మలు మూడు పెట్టింది. తరువాత తెల్లగుడ్డ కప్పేశారు.

గుడ్డలోంచి వెలుగు పాలలా దిగుతోంది. మంత్రాలు ఎక్కడో దూరంగా, ఏటి అవతల ఎవరో పని చేసుకుంటూ పాడుతున్నట్టు వినబడుతున్నాయి. నవ్వు వస్తుందేమోనని భయపడ్డ ప్రయూన్‌కు నవ్వు రాలేదు. ఇది నిజమైతే ఏమిటి అనిపించింది. ఒరపిన్ ఏడుస్తుంది. మ్వాయ్ అక్క వస్తుంది. ఆఫీసువాళ్ళు ఒక పూట కూర్చుని వెళ్తారు. అన్నయ్య వస్తాడా? కబురు అందుతుంది, షాపు తాళం తీస్తూనో వేస్తూనో వింటాడు. ఆ తరువాత? ఎంత ఆలోచించినా ఆ తరువాతది కనబడలేదు. నిన్ననే ఫోన్ చేసి ఉంటే ఇప్పుడీ గుడ్డ కింద ఇంత బరువుగా ఉండేది కాదనుకున్నాడు. తల్లి మీద, అన్న మీద ఒకేసారి బెంగ పుట్టింది. కళ్ళు తడిశాయి. మూసుకున్నాడు. రాత్రంతా నిద్ర లేని మనిషి, పైన ఫ్యాను, చల్లటి చెక్క. మంత్రాలు మొదటి విడత ముగిసేలోపే అతనికి ఒళ్ళు తెలియలేదు.

"ఇక లేవండి. పాత మనిషి వెళ్ళిపోయాడు. తూర్పుకు తిరిగి మళ్ళీ పడుకోండి" అన్నారు భిక్షువు. గుడ్డలు తీశారు. బారులో అందరూ లేచి కూర్చున్నారు, ఒక్కరు తప్ప.

"ఏవండీ" అంది ఒరపిన్ మెల్లగా. తరువాత గట్టిగా. భుజం పట్టుకుని కుదిపితే తల ఒక పక్కకు వాలింది. తెల్ల గుర్రం ఆమె కళ్ళ ముందు కదిలింది. తానే చేతులారా తీసుకొచ్చి పేటికలో పడుకోబెట్టాననుకుని సంచిలోంచి ఫోన్ తీసింది. అటువంటప్పుడు మనిషి ఎవరిని పిలుస్తుందో ముందు అనుకుని పిలవదు. రెండేళ్ళుగా ముట్టుకోని నంబరు మీద ఆమె వేలు పడింది.

"బావగారూ, నేను ఒరపిన్‌ని. మీ తమ్ముడు లేవడం లేదండీ. గుడిలో, పేటికలో... ఎంత పిలిచినా లేవడం లేదు."

"ఏ గుడి?" అన్నాడు ఫదుంగ్. ఆమె చెప్పింది. ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

ఈలోగా పక్క పేటికలోని లావుపాటి ఆవిడ దిగి వచ్చి, నడుముకు దోపుకున్న మందు గొట్టం తీసి ప్రయూన్ ముక్కు దగ్గర పెట్టింది. కర్పూరం, పిప్పరమెంటు ఒక్కసారిగా నెత్తికెక్కాయి. ప్రయూన్ పెద్దగా తుమ్మి లేచి కూర్చుని, "ఏ స్టాపు వచ్చింది?" అన్నాడు. మండపమంతా చప్పట్లు కొట్టారు. ఒరపిన్ అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది.

"గురువుగారూ, ఈయనకేం కాలేదు కదండీ?"

"గురక వినబడింది నాకు. అలసిన ప్రాణం కదా, మంత్రాలయ్యేదాకా పడుకోనిద్దామనుకున్నాను" అన్నారు భిక్షువు. "లేవండి, తూర్పుకు తిరగండి. ఈసారి కళ్ళు మూయవద్దు."

తూర్పుకు తిరిగి, మళ్ళీ పుట్టి, బయటకు వచ్చాకగానీ ఒరపిన్‌కు ఫోన్ సంగతి గుర్తు రాలేదు. గుర్తొచ్చాక భర్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ అన్నయ్యకు చెప్పేశానండీ."

"ఏమని?"

"లేవడం లేదని."

ఒరపిన్ నఖోన్ సవన్‌కు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసింది. మోగుతోంది, ఎవరూ తీయడం లేదు. ఫదుంగ్‌కు ఫోన్ జేబులో పెట్టుకునే అలవాటు లేదు. అద్దం పక్కన అలమరలో పౌడరు డబ్బాల మధ్య ఉంటుంది. ఇప్పుడు అది తాళం వేసిన షాపులో ఒంటరిగా మోగుతోంది, మనిషి వ్యానెక్కి బాంకాక్ వస్తున్నాడు. రెండేళ్ళు ఎదురుచూసిన రాక ఇది. తల్లి చావుకు గుండు గీయించుకోనివాడు, తన చావని అబద్ధమాడి అన్నను రప్పించాడని అనుకుంటే? అనుకోక ఏం చేస్తాడు? ఇక ఈ జన్మకు మాటలుండవని అతనికి స్పష్టంగా తెలిసిపోయింది.

"ఇంటికి పోయి మాట్లాడుకుందామా?" అంది ఒరపిన్.

"ఇక్కడికే వస్తాడు కదా. ఇక్కడే ఉండాలి."

ఇద్దరూ మండపం మెట్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండ వాకిట్లోకి వచ్చేవేళకు లిఫ్టు కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. ముందుగా మ్వాయ్ అక్క దిగింది. నల్ల గౌను, నల్ల గొడుగు, చేతిలో శవం చేతి మీద పోసే పన్నీటి సీసా. వెనక ఆఫీసువాళ్ళు రెండు నిలువెత్తు ఫ్యాన్లు దింపారు. పూలచక్రాలు మర్నాటికి వాడి చెత్తలో పడతాయని, ఈ మధ్య అందరూ రిబ్బను కట్టిన ఫ్యాన్లే పంపుతున్నారు, తరువాత గుడికి పనికొస్తాయని. ఒక ఫ్యాను మీద ఒరపిన్ పేరు, రెండోదాని మీద ప్రయూన్ పేరు, కింద "మీ ఆత్మకు శాంతి కలగాలి" అని ఉంది.

మ్వాయ్ అక్క మెట్ల మీద కూర్చున్న ఇద్దరినీ చూసింది. ఒరపిన్‌ను చూసింది, ప్రయూన్‌ను చూసింది, గొడుగు మూసింది.

"మీ ఇద్దరిలో ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదక్కా" అన్నాడు ప్రయూన్.

"అదెట్లా? రెండు ఫ్యాన్లు తెచ్చానే."

తరువాత తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే తెలిసిన సంగతి ఇది. ఇంట్లో ఒకరు పోయారంటే, ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు, రాసినవాడు ప్రయూన్, కనుక పోయింది ఒరపిన్ అని మ్వాయ్ అక్క లెక్క తేల్చింది. ఫ్యాను పురమాయించింది. ఆఫీసులో అందరిచేతా కన్నీళ్ళు పెట్టించింది. అంతలో పేజీలో ప్రయూన్ పేటిక ఫోటో వచ్చింది. కళ్ళు మూసి, పూలతో. పెట్టింది ఒరపిన్. అంటే పోయింది ఒరపిన్ కాదు, ప్రయూనే. పొద్దున మొగుడి ఫోన్‌లోంచి ఆ రెండు ముక్కలు రాసింది పాపం పెళ్ళామేనని, తన నోటితో ఆ మాట చెప్పలేకపోయిందని అనుకుని మ్వాయ్ అక్క రెండోసారి ఏడ్చింది. ఇంకో ఫ్యాను పురమాయించింది. మొదటిది వెనక్కి తీసుకోమంటే షాపువాడు, పేరు రాసింది తీసుకోనన్నాడు.

"ఫోటో చూసి పేటికలో పడుకునే మొక్కని తెలియలేదా, అక్కా?"

"మొక్కుకు పడుకునేవాళ్ళు ఒక కన్ను తెరిచి చూస్తుంటారు తమ్ముడూ, ఎప్పుడైపోతుందా అని. నీ ముఖంలో ఎంత ప్రశాంతంగా ఉందో తెలుసా? ఆఫీసులో ఏనాడూ అట్లా చూడలేదు. అందుకే నమ్మాం."

అబద్ధమాడినందుకు ప్రయూన్ చేతులు జోడించాడు. మ్వాయ్ అక్క తిట్టాల్సినంత తిట్టి, చావుకు వచ్చినవాళ్ళకు పెట్టడానికి తెచ్చిన కేకు పొట్లాలు అందరికీ పంచింది. అయినా ప్రయూన్ తినలేకపోయాడు. గేటు వైపే చూస్తున్నాడు. సంగతేమిటని ఆవిడ అడిగితే, దాచడానికి ఇక ఏమీ మిగలక అన్నీ చెప్పాడు. బుధవారం, గుండు, చితి, రెండేళ్ళు, ఇవాళ మధ్యాహ్నం చేయాలనుకున్న ఫోను, అన్నీ.

ఇవాళ చేయాలనుకున్న ఫోను సంగతి ఒరపిన్ వినడం అదే మొదలు. "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"బాధపడతావని."

ఆమె తల వంచుకుంది. దగ్గర తోమడానికి అంట్లు కూడా లేవు.

మ్వాయ్ అక్క మాత్రం నడుం కట్టింది. "ఇందులో అంత ఆలోచించాల్సిందేముంది? పేటిక ఉంది, ఫ్యాన్లున్నాయి, మేమంతా నల్లబట్టల్లో ఉన్నాం. నువ్వు పోయి పడుకో. ఆయన వచ్చి మనసారా ఏడవనీ. కోపమంతా కరిగాక మెల్లగా లేద్దువుగాని."

"లేచాక చంపేస్తాడక్కా."

"పేటిక సిద్ధంగానే ఉందిగా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మ్వాయ్ అక్క వెనక్కి తిరిగి చూసింది, మళ్ళీ ఎవరూ నోరు తెరవలేదు.

ఒరపిన్ సంచిలో చెయ్యి పెట్టింది. పేక బయటకు వచ్చింది. "ఒక్క ముక్క తీస్తానండీ. ఏం చేయాలో అదే చెబుతుంది. ఒక్కటే."

ప్రయూన్ ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ముక్క తీస్తుంటే ఆపడం అదే మొదటిసారి.

"వద్దు, పిన్. నిన్ను తప్పుపట్టి అనడం లేదు. నువ్వు నాకోసమే తీస్తావు, అది నాకు తెలుసు. ఆ రోజు ముక్క తీసింది నువ్వే కానీ దాని వెనక దాక్కున్నది నేను. అమ్మ పోయిందని నాకు నమ్మబుద్ధి కాలేదు. గుండు గీయించుకుంటే నిజమైపోతుందని భయమేసింది. ముక్క ఆగమంటోందంటే హమ్మయ్య అనుకున్నాను. అది అన్నయ్యకు చెప్పాలి. ఏ ముక్కా చెప్పదు, నేనే చెప్పాలి."

ఒరపిన్ పేకను సంచిలో పెట్టేసింది. చెంగుతో కళ్ళు తుడుచుకుందామంటే ఉన్నది లాగూ చొక్కా, అందుకని మ్వాయ్ అక్క ఇచ్చిన రుమాలుతో తుడుచుకుంది. ప్రయూన్ ఒక్కడే లేచి వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు.

కాసేపటికి మోటారు సైకిలు టాక్సీ వచ్చింది. వెనక కూర్చున్న మనిషి నల్ల చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుని ఉన్నాడు. చంకలో పాత చెక్కపెట్టె. బండి దిగి, నేల మీది నుంచి కళ్ళెత్తకుండానే, గేటు దగ్గరున్న మనిషిని అడిగాడు.

"బాబూ, ప్రయూన్ అని... ఇవాళ పొద్దున పోయాడు. ఏ మండపంలో పెట్టారో చెబుతారా?"

రెండేళ్ళలో అన్న బాగా ముసలివాడయ్యాడు. ఆ గొంతులో కోపం వెతికితే కూడా దొరకలేదు.

"అన్నయ్యా, నేనే."

ఫదుంగ్ తలెత్తాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి చాచి తమ్ముడి చెంప తాకి, వేడిగా ఉందని నిర్ధారించుకుని, అక్కడే గేటు అరుగు మీద కూర్చుండిపోయాడు. భుజాలు కదిలేలా ఏడ్చాడు. టాక్సీవాడు కిరాయి అడగడం మానేసి, శిరస్త్రాణం తీసి పట్టుకున్నాడు.

ఏడుపయ్యాక కోపం వచ్చింది. "లేవడం లేదని మీ ఆవిడ చెప్పింది."

"నిద్రపోయాను."

"పేటికలోనా?"

"చల్లగా ఉంది అన్నయ్యా."

అంతలో ఒరపిన్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నమస్కరించింది. "ఆ పెట్టెలో ఏముంది బావగారూ?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలి కనుక.

"కత్తి, బ్రష్షు. పోయినవాడికి ముక్కూమొహం తెలియని ఎవడో గడ్డం గీస్తాడు. వీడికి చిన్నప్పటి నుంచీ నా చెయ్యే అలవాటు. వేరేవాళ్ళు గీస్తే ఒళ్ళంతా దద్దుర్లు." ఫదుంగ్ తమ్ముడి గడ్డం వైపు కోపంగా చూశాడు. "ఇంత గడ్డంతో పేటికెక్కుతావా? సిగ్గులేదూ? పద, కూర్చో."

ఈసారి ప్రయూన్ కూర్చున్నాడు. మండపం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఎండగా ఉందని మ్వాయ్ అక్క ఒక ఫ్యాను తగిలించి తిప్పింది, నీ పేరుదే కదా అంటూ. ఆత్మశాంతి రిబ్బను గాలికి రెపరెపలాడింది. ఫదుంగ్ సబ్బు నురగ పట్టించి, కత్తి తీసి, కుడిచెంప మొదలుపెట్టాడు. ఆ చెయ్యి తగలగానే ప్రయూన్ చెప్పాలనుకున్నదంతా చెప్పాడు. అమ్మ పోయిందని నమ్మలేకపోయానని, ముక్క వెనక దాక్కున్నానని. ఫదుంగ్ కత్తి చాలా నెమ్మదిగా, ఎక్కడా గీరుకోకుండా నడిచింది.

"ముక్క తీసింది నేను బావగారూ" అంది ఒరపిన్. "నన్ను తిట్టండి, పడతాను."

"నిన్ను తిట్టడానికి నాకు నోరు లేదులేమ్మా." కుడిచెంప అయింది. ఫదుంగ్ కత్తి తుడుచుకుంటూ ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "మా ఊరి సంతలో కార్డులు వేసే ఆవిడ ఒకతె ఉంది. నెలనెలా పోతున్నాను."

"మీరా?"

"నేనే. తమ్ముడు ఫోన్ చేస్తాడా అని అడుగుతాను. వాడే వస్తాడు, నువ్వు మాత్రం కదలకు అంటుంది. అందుకని కదల్లేదు."

ఒరపిన్ నోట్లో వేలు పెట్టుకుంది. ప్రయూన్ సగం గీసిన ముఖంతో మెల్లగా కుర్చీలో వెనక్కి తిరిగాడు.

"అంటే రెండేళ్ళూ నా ఫోను కోసం చూస్తూ కూర్చున్నావా?"

"చూశాను."

"నేను నీ ఫోను కోసం చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి చేస్తే నీ సొమ్మేం పోయింది?"

"తప్పు చేసింది నువ్వు. చేయాల్సింది నువ్వు."

"పెద్దవాడివి నువ్వు. సంతలో ఎవరో కదలకంటే కదలకుండా కూర్చుంటావా?"

"ఇంట్లో మీ ఆవిడ కూర్చోవద్దంటే నువ్వు కూర్చోలేదుగా."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"అదే సంబంధం."

"అయితే నేను మాట్లాడను."

"నిన్నెవడు మాట్లాడమన్నాడు?"

ఫదుంగ్ కత్తి మడిచి పెట్టెలో పెట్టాడు. ఎడమచెంప మీద నురగ ఆరిపోతున్నా ప్రయూన్ తుడుచుకోలేదు. మ్వాయ్ అక్క సర్దిచెప్పబోతే ఇద్దరూ ఒకేసారి చెయ్యి అడ్డంపెట్టారు. ఆవిడ చూసి చూసి, మిగిలిన కేకు పొట్లాలు రెండు తెచ్చి వాళ్ళ ముందు పెట్టి, ఆఫీసువాళ్ళను వ్యానెక్కించింది. ఒరపిన్ ఫ్యాను కొంచెం పక్కకు తిప్పింది, గాలి ఇద్దరికీ తగిలేలా. ఫదుంగ్ తన పొట్లం విప్పి, కేకులోని ఎండుద్రాక్షలు ఏరి, అటు చూడకుండానే తమ్ముడి పొట్లంలో వేశాడు. ప్రయూన్ తిన్నాడు.

రెండేళ్ళు రెండు ఊళ్ళలో ఉండి మాట్లాడుకోని ఆ అన్నదమ్ములు, ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఒకే ఫ్యాను గాలిలో కూర్చుని మాట్లాడుకోలేదు.